చేపలు పట్టడానికి నీళ్లలో తూటా (తుపాకీ గుండు కాదు, డైనమైట్ లాంటి పేలుడు మందు) పేలిస్తే దూరంగా ఉన్న చేపలు కూడా ఎందుకు చస్తాయి?

చప్పుడుకి బెదిరి కాదండీ, ఒత్తిడికి. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తే సముద్రపు నీటిలో సుమారు 1500, పైగా నీరు గాలిలా నొక్కుకోదు కాబట్టి పేలుడు దెబ్బ నేరుగా చేప ఒంట్లోకి దూరిపోయి, లోపలున్న గాలితిత్తిని ఒక్కసారి నొక్కి వదిలేసరికి అది పగిలిపోతుంది. కోసి చూస్తే పైన గాయం ఉండదు, లోపలంతా నెత్తురే. చాలా చేపలు అడుక్కి పోతాయి, తేలిన కొన్నే పడవలోకి వస్తాయి. గాలితిత్తి లేని పీతలు, రొయ్యలు కాస్త నయం. డాల్ఫిన్లకి మాత్రం చెవే కన్ను, అది పోతే వేట కుదరదు. మా కళింగపట్నం, బారువ వైపు గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకీ ఊపిరితిత్తులున్నాయి కదా, దగ్గర్లో పేలితే వాటికీ ముప్పే. అన్నట్టు, తూటాలతో చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచే నేరం.