రాత్రి ఫోను, ఉదయం ప్రార్థన

ప్రశ్న: మరతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి పది దాటుతుంది. పడుకుని రీల్స్ పెడితే ఒంటిగంట అయిపోతుంది. బూతులేవీ చూడను. కామెడీ, క్రికెట్, మధ్యలో ప్రసంగాల క్లిప్‌లు, అంతే. అయినా ఉదయం బైబిలు తెరిస్తే మనసు నిలవదు. టైమర్ పెట్టినా లాభం లేకపోయింది. ఇది పాపమా?
– ఒక సోదరుడు, బెంగళూరు

జవాబు: పాపమా కాదా అన్న దగ్గరే ఆగితే మీ చిక్కు తీరదు. 1 కొరింథీయులకు 10:23లో పౌలు ఇంకో కొలత ఇస్తాడు: స్వాతంత్ర్యం ఉన్నంత మాత్రాన అన్నీ క్షేమాభివృద్ధి కలిగించవు. రాత్రి చూసింది ఉదయం ఆరింటికి మీలో ఏం మిగిల్చిందో చూసుకోండి. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

టైమర్ సంగతికి వద్దాం. ఆండ్రాయిడ్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్ యాప్ టైమర్ అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది. పదకొండున్నరకు మీ అరగంట అయిపోయినా, పన్నెండు దాటగానే కొత్త అరగంట చేతికొస్తుంది. ఆలస్యంగా గదికి చేరేవాళ్ల దగ్గర అది ఓడిపోయేది ఇందుకే. పైగా పెట్టినవారే తీసేయగలరు. దాని బదులు బెడ్‌టైమ్ మోడ్‌ను 10:45 నుంచి 6:00 వరకు పెట్టి, తెర నలుపు తెలుపులోకి మారేలా చేయండి. రంగు పోతే రీల్స్‌లో సగం పస పోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌ను ఫోన్లోంచి తీసేసి, కావాలంటే ల్యాప్‌టాప్‌లో చూడండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపి, పాతదంతా చెరిపేస్తే హోమ్ పేజీలో సిఫార్సులు రావు. ఏం చూడాలో మీరే వెతుక్కోవాలి. సగంలో వదిలిన వీడియో ఎక్కడ ఆగిందో గుర్తుండదు, ఆ మాత్రం ఇబ్బంది ఉంటుంది.

పీజీల్లో ప్లగ్ సరిగ్గా తలగడ పక్కనే ఉంటుంది! ఫోను గదికి అవతలి వైపు ఛార్జింగ్ పెట్టండి. అలారానికి మామూలు గడియారం, చదవడానికి అచ్చు బైబిలు ఉంచుకోండి. బైబిలు యాప్ తెరిచేలోపే వాట్సాప్ నోటిఫికేషన్ లాక్కుపోతుంది.

ఇవన్నీ చేసి ఆ వేళను ఖాళీగా వదిలేస్తే వారం తిరగకుండా పాత అలవాటే వస్తుంది. ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంటికి, వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన సంగతి మత్తయి 12:43-45లో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆడియో బైబిలు పెట్టుకోండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు. వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు వింటే నాలుగు రోజుల్లో పూర్తి. పడుకునే ముందు ఒక్క కీర్తన చాలు, అయితే 119 జోలికి వెళ్లకండి, 176 వచనాలు!

ప్రసంగాల క్లిప్‌ల గురించి ఒక మాట. నిమిషం ముక్కలో వచనానికి ముందూ వెనుకా ఏముందో తెలియదు. అందులో ఎక్కువ ఒక బోధకుడిని ఇంకో బోధకుడు తిట్టడమే. భక్తి పేరుతో వచ్చినా వడపోత తప్పదు. వాక్యం కావాలంటే మొత్తం ప్రసంగం ఒకటి, బైబిలు తెరిచి పెట్టుకుని వినండి.

ప్రశ్న: మా బాబుకు పదమూడేళ్లు. ఓటీటీ సిరీస్ వద్దంటే "13+ అని రాసుంది కదా, సంఘంలో అందరూ చూస్తున్నారు" అంటాడు. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, పెరంబూర్, చెన్నై

జవాబు: 2021 ఐటీ నియమాల ప్రకారం ఓటీటీల్లో ఐదు తరగతులున్నాయి: యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ. సిరీస్‌కు ఆ ముద్ర వేసేది సెన్సార్ బోర్డు కాదు, ఆ సంస్థే. అది వయసు హెచ్చరిక మాత్రమే, మంచిదని ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. పక్కనే హింస, భాష, మత్తు అని కారణాలూ రాస్తారు. అవి బాబుతోనే చదివించండి. మొదటి ఎపిసోడ్ కలిసి చూసి, సత్యమైనవి, పవిత్రమైనవి ఏవో వాటినే ధ్యానించమనే ఫిలిప్పీయులకు 4:8 దగ్గర పెట్టుకుని మాట్లాడండి. కారణం చెప్పకుండా వద్దంటే స్నేహితుడి ఫోన్లో చూస్తాడు.

బాబుకు వేరే ప్రొఫైల్ పెట్టి వయసు పరిమితి పెట్టండి. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా ఆటోప్లే ఆపండి. నెట్‌ఫ్లిక్స్‌లో ఇది ప్రతి ప్రొఫైల్‌కూ విడిగా ఆపాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, పిల్లాడి ప్రొఫైల్ కట్టడి చేసి నాన్నగారిది తెరిచి వదిలేస్తారు. పెద్దల ప్రొఫైళ్లకే నాలుగంకెల పిన్ పెట్టాలి. అది మీ పుట్టిన సంవత్సరం కాకూడదు, పిల్లలు మొదట కొట్టి చూసేది అదే.