వొలుబిలిస్ (మొరాకోలోని రోమన్ నగర శిథిలాలు): షేర్ టాక్సీ దిగితే శిథిలాలు కనపడలేదన్నారు కదా

మెక్నెస్‌లో (దగ్గర్లోని నగరం) మీరెక్కిన షేర్ టాక్సీ మూలే ఇద్రిస్ ఊరి దాకానే. అక్కడి నుంచి శిథిలాలు ఇంకో నాలుగైదు కిలోమీటర్లు.

1. ఈసారి మెక్నెస్‌లోనే టాక్సీ మొత్తం మాట్లాడుకోండి, సీటు లెక్కన వద్దు.

2. చాలామంది మర్చిపోయేది తిరుగు ప్రయాణం. గేటు దగ్గర ఖాళీ టాక్సీ ఉంటుందన్న నమ్మకం లేదు. రానూపోనూ, రెండు గంటల వెయిటింగ్‌తో కలిపి ఒకే రేటు ఎక్కే ముందే తేల్చుకోండి. డబ్బు మాత్రం తిరిగొచ్చాకే ఇవ్వండి, లేకపోతే టెన్షనే.

3. ఎండ తగ్గాక వెళ్లండి, నీడ దాదాపు ఉండదు. క్రీ.శ. 217 నాటి కారకల్లా (రోమన్ చక్రవర్తి) తోరణం దగ్గర నిలబడితే కింద మైదానమంతా కనిపిస్తుంది. స్తంభాల మీద కొంగల గూళ్లుంటాయి, పైకి కూడా చూడండి. ఓర్ఫియస్ (గ్రీకు పురాణాల్లోని సంగీతకారుడు) మొజాయిక్, అంటే చిన్న రాళ్లతో నేల మీద చేసిన బొమ్మ, వదలొద్దు. మూసే వేళ టికెట్ కొనేటప్పుడే అడగండి.