పేరు లేకపోయినా అది మీ సమాచారమే

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రాసే రిజిస్టరులో ఫ్లాట్ నంబరు, బండి నంబరు, లోపలికి వచ్చిన సమయం మాత్రమే ఉంటాయి. ఈమధ్య ఒక గొడవ వచ్చినప్పుడు సంఘం బాధ్యులు ఆ పేజీలను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అభ్యంతరం చెబితే, పేర్లు లేవు కాబట్టి అది వ్యక్తిగత సమాచారం కాదన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిజం కాదు. ఏ సమాచారం ద్వారా గాని, దానికి సంబంధించి గాని ఒక వ్యక్తిని గుర్తించడానికి వీలవుతుందో, ఆ వ్యక్తి గురించిన ఆ సమాచారమంతా వ్యక్తిగత డేటాయేనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిర్వచించింది. పేరు ఉండి తీరాలన్న షరతు అందులో లేదు. '302, స్కూటీ, రాత్రి 11.40' అన్న ఒక్క వరుస చూస్తే చాలు, వచ్చింది మీరేనని పొరుగువారికి క్షణంలో తెలిసిపోతుంది. ఒక స్త్రీ రోజూ ఏ వేళకు ఇల్లు చేరుతుందో పదిమందికీ తెలియజేయడం చిన్న విషయమని నేను అనుకోను.

రిజిస్టరు కాగితం మీద ఉన్నంతవరకు ఈ చట్టం దానికి వర్తించదు. ఫొటో తీసి ఫోనులోకి ఎక్కించిన తరువాత అది డిజిటల్ రూపంలోకి మారింది కనుక చట్టం పరిధిలోకి వస్తుంది. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి మినహాయింపు ఉన్న మాట వాస్తవమే గాని, సంఘం తన వ్యవహారాల కోసం చేసిన పనికి ఆ మినహాయింపు చెల్లదు. మనంతట మనమే బహిరంగపరిచిన సమాచారానికీ చట్టం వర్తించదు. అయితే మీరు ట్యూషన్ల కోసం ఫోన్ నంబరును ఆన్‌లైన్‌లో ప్రకటించుకున్నారనుకున్నా, అంతమాత్రాన మీ రాకపోకల వేళలు బహిరంగమైనట్లు కాదు.

నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, సమ్మతి తీసుకోవడం, కోరితే సమాచారాన్ని తొలగించడం వంటి ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమలయ్యేలా గడువు పెట్టారు. అప్పటిదాకా ఆగనవసరం లేదు. ఆ ఫొటోలను గ్రూపు నుంచి తొలగించాలని, ఇకమీదట రిజిస్టరు పేజీలను ఎక్కడా పంచుకోరాదని సంఘం కార్యదర్శికి ఇప్పుడే లిఖితపూర్వకంగా కోరి, అందినట్లు సంతకం తీసుకున్న ప్రతిని దాచుకోండి.