వార్డెన్ సంతకం దగ్గర ఆగిపోకు

సింధూ బిడ్డా,

ఆశ్రమ పాఠశాలల్లో, అంటే గిరిజన పిల్లలు ఉండి చదువుకునే హాస్టల్ బడుల్లో, పిల్లల సమ్మతి మీద పీహెచ్‌డీ అనీ, ఫీల్డ్‌వర్క్ భద్రాచలం వైపేననీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, బెంగగానూ ఉంది. ఫోన్‌లో అయితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు, అందుకే రాస్తున్నా.

అనుమతులు నీకు తెలిసినవే: యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరు, తర్వాత హెడ్మాస్టరు. ఆ వరుస తప్పకు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. 2009లో మన ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా, ఇచ్చే ప్రాజెక్టు నడిచింది. హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది అందులో ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు గానీ, దానికి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. వార్డెన్లవి దొంగచాటు సంతకాలు కావు. తల్లిదండ్రుల తరఫున హెడ్మాస్టర్లే సంతకం చెయ్యాలని సర్కారు నుంచే ఆదేశం వెళ్లింది. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో ఉన్నారు, గడువు దగ్గర పడుతోంది, పిల్లలు వార్డెన్ కళ్లముందే ఉన్నారు. ఫైలు నిండింది. ఆ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నీ చేతిలో సూది లేదు, రికార్డరే కదా అనుకోకు. అన్నం పెట్టేదీ, టీసీ ఇచ్చేదీ, ఇంటికి పంపేదీ ఆ హెడ్మాస్టరూ వార్డెనే. వాళ్లు పిలిచి కూర్చోబెట్టిన పిల్ల నీకు "వద్దు" అని ఎలా చెబుతుంది? తలూపుతుంది, నువ్వు టిక్కు పెట్టుకుంటావు. మళ్లీ అదే తప్పు, ఈసారి పద్ధతిగా.

కాబట్టి ముందు గూడేలకు వెళ్లు. మిర్చి ఏరే రోజుల్లో, తునికాకు కాలంలో పెద్దవాళ్లు ఇంట్లో దొరకరు. దసరా, సంక్రాంతి సెలవులు చూసుకో, పిల్లలూ ఇంట్లోనే ఉంటారు. కోయ మాట్లాడే ఇళ్లలో కోయలోనే చెప్పించు, చెప్పే మనిషి హాస్టల్ సిబ్బంది కాకూడదు. సమాచార పత్రం ఒకే పేజీ, పెద్ద అక్షరాలు, అదీ చదివి వినిపించాలి. అదే రోజు సంతకం తీసుకోకు, కనీసం ఒక రాత్రి గడవనివ్వు. మర్నాడు మూడు ప్రశ్నలు అడుగు: నేను ఎందుకొచ్చాను, నీ మాటలు ఏం చేస్తాను, నువ్వు వద్దంటే ఏమవుతుంది? మూడోదానికి "ఏమీ కాదు" అనే జవాబు రాకపోతే ఆ పిల్ల ఇంకా ఒప్పుకోనట్టే. రికార్డర్ ఆపే బటన్ ఎక్కడుందో చూపించి ఆమె చేతికే ఇవ్వు. ఒకసారి నొక్కించి చూడు, నవ్వుతారు, భయం పోతుంది. కూర్చునే చోటు బయటికి కనపడాలి, మాటలు మాత్రం వినపడకూడదు.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం ఎన్నడూ మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే 21 కింద శిక్ష. "నీకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం నేను చెప్పాల్సి వస్తుంది" అని మొదటి మాటల్లోనే చెప్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆ సమాచార పత్రం మీదే ఉండాలి. ఇందులో నేను చాదస్తంగానే ఉంటాను, తిట్టుకో.

ఇంగ్లండ్‌లో ప్రిసిల్లా ఆల్డర్సన్ అనే పరిశోధకురాలు ఎముకల ఆపరేషన్లకు వచ్చిన 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు 120 మందితో మాట్లాడింది. అర్థం చేసుకునే శక్తికి వయసు కన్నా అనుభవం ముఖ్యమని చూపింది. చదువు, కానీ అక్కడి చట్టాన్ని ఇక్కడికి మోసుకురాకు. 1985 గిలిక్ తీర్పు వల్ల ఇంగ్లండ్‌లో పదహారు నిండని పిల్ల కూడా తగిన అవగాహన ఉంటే చికిత్సకు తానే ఒప్పుకోవచ్చు. మనకు అలాంటి తీర్పు లేదు, పెద్దల సంతకం కావాల్సిందే. దాని పక్కన పిల్ల మాటకు చోటు చెయ్యడం నీ పని.

ఆల్డర్సన్ ఆ తర్వాత రాయ్ భాస్కర్ అనే తత్వవేత్త చెప్పిన క్రిటికల్ రియలిజం వైపు వెళ్లింది. కనపడే సంగతుల వెనక కనపడని కారణాలను వెతకమనే ఆలోచన అది. నువ్వూ అదే పట్టుకున్నావట, మంచిది. అనుభవం, జరిగిన సంఘటన, వెనకున్న కారణం అనే మూడు పొరల పేర్లు థీసిస్ మొదట్లో రాసి వదిలేస్తే మాత్రం ఊరుకోను. పిల్ల నీతో "మా సార్ మంచోడు" అంది, అది అనుభవంలోకి వచ్చింది. ఆ రోజు వార్డెన్ సంతకం పెట్టాడు, పిల్ల అనుకున్నా అనుకోకపోయినా అది జరిగింది. ఆ రెండింటినీ నడిపిస్తున్నవి కంటికి కనపడవు: ఇంటి పేదరికం, హాస్టల్ అన్నం మీద ఆధారం, భాష, సర్కారు గడువు. "ఈ పిల్ల మౌనంగా ఉండాలంటే వెనక ఏమేం ఉండి ఉండాలి?" అని వెనక్కి తవ్వు. తర్వాత ఆ కారణం లేని చోట, అంటే ఇంటి నుంచి వచ్చి చదువుకునే పిల్లల దగ్గర, అదే ప్రశ్న అడిగి పోల్చు. అక్కడా మౌనమే అయితే నీ వివరణ తప్పు, ఇంకో కారణం వెతుక్కో.

వద్దన్న పిల్లల లెక్క కూడా థీసిస్‌లో రాయి. సున్నా వస్తే నీ పద్ధతిని అనుమానించు.

కమిటీకి పంపేముందు ఆ ఒక్క పేజీ నాకు వాట్సాప్‌లో పెట్టు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తా. చర్ల దాకా పోయే రోజున తిరుగు బస్సు ఎప్పుడో ముందే కనుక్కో.

నీ పెద్దమ్మ