ఇంజనీరింగ్ శాంపిల్ ప్రాసెసర్ సగం ధరకే ఇస్తామంటున్నారు, స్టూడియో సిస్టమ్‌కి తీసుకోవచ్చా?

గుంటూరులో వీడియో మిక్సింగ్ చేస్తుంటానని, ఇంటెల్ 13వ తరం ఐ9 ప్రాసెసర్ ఇంజనీరింగ్ శాంపిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే వస్తోందని, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందే తీసుకుంటే ఏమైనా ఇబ్బందా అని అడిగారు. విజయవాడలో సిస్టమ్స్ అసెంబ్లింగ్, సర్వీసింగ్ నా పని. ఇలాంటి చిప్‌లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. మా ఇంట్లో ఫైళ్ళు దాచుకునే సిస్టమ్‌లో ఇప్పటికీ ఒకటి నడుస్తోంది. అయినా మీ పనికి మాత్రం వద్దండి.

ప్రాసెసర్ మార్కెట్లోకి రాకముందు మదర్‌బోర్డు కంపెనీలు, సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు పరీక్షించుకోవడానికి ఇంటెల్ ఇచ్చే నమూనాలివి. అమ్మడానికి ఇచ్చేవి కావు, వాడి తిరిగి ఇవ్వాల్సినవి. అవి తమ ఆస్తేనని, వాటికి వారంటీ ఉండదని ఇంటెల్ స్పష్టంగానే చెబుతుంది. రేపు చిప్ పోతే అడగడానికి మీకంటూ ఎవరూ ఉండరు. అసలు అది అమ్మే హక్కు మీకు అమ్ముతున్నవాళ్ళకే ఉందా అన్నది ఇంకో ప్రశ్న. నేను దీన్ని చిన్న విషయంగా చూడను.

వీటిలోనూ రెండు రకాలున్నాయి. తొలి దశ శాంపిల్స్‌లో స్పీడు తక్కువ, కొన్ని ఫీచర్లు పనిచేయకపోవచ్చు. చివరి దశలో వచ్చే క్వాలిఫికేషన్ శాంపిల్, అంటే క్యూఎస్, దాదాపు షాపులో దొరికే చిప్‌లాగే ఉంటుంది. అమ్మేవాళ్ళు చాలాసార్లు రెండింటినీ కలిపి ఈఎస్, అంటే ఇంజనీరింగ్ శాంపిల్, అనేస్తారు. శాంపిల్ చిప్ పైనుండే లోహపు మూత మీద 'ఇంటెల్ కాన్ఫిడెన్షియల్' అని, మామూలు చిప్‌కి 'ఎస్ఆర్' తో మొదలయ్యే కోడ్ ఉండే చోట 'క్యూ' తో మొదలయ్యే నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఫొటో ముందే అడగండి. ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేరు బదులు 'జెన్యూన్ ఇంటెల్ సీపీయూ 0000' అని కనిపిస్తే అది తొలి దశదే అనుకోవచ్చు.

అసలు చిక్కు బయోస్ దగ్గర, అంటే సిస్టమ్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రామ్ దగ్గర వస్తుంది. ప్రాసెసర్‌కి కావలసిన మైక్రోకోడ్, అంటే దాని లోపలి పనితీరుని సరిచేసే చిన్న కోడ్, బోర్డు బయోస్‌లోనే ఉంటుంది. తొలి శాంపిల్స్‌ది మొదట్లో పెట్టి, తర్వాతి వెర్షన్లలో తీసేసే అవకాశం ఉంది. ఒక ఆల్బమ్ డిజైనర్ సిస్టమ్ మా దగ్గరికి వచ్చింది. బయోస్ అప్‌డేట్ అయినప్పటి నుంచి ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు, బోర్డు మీద సీపీయూ లైటు ఎర్రగా వెలిగి అక్కడే ఆగిపోతోంది. ర్యామ్ మార్చాం, గ్రాఫిక్స్ కార్డు తీసి చూశాం, కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ మార్చాం. ఉపయోగం లేదు. షాపులో ఉన్న మామూలు ఐ3 పెట్టగానే ఆన్ అయింది. ఆ పాత చిప్ మీద థర్మల్ పేస్టు తుడిస్తే కింద క్యూ కోడ్ బయటపడింది. పాత బయోస్ ఎక్కించాక మళ్ళీ లేచింది. ఆ సిస్టమ్‌కి ఇక బయోస్ అప్‌డేట్ అన్నదే లేదు.

మీరు అడిగిన 13వ తరం విషయంలో ఇది మరీ ప్రమాదం. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజీ ఎక్కువై క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో ఒక మైక్రోకోడ్, సెప్టెంబరులో ఇంకొకటి విడుదల చేసింది. అవి ఇకముందు దెబ్బతినకుండా చూస్తాయేగానీ, అప్పటికే పాడైన చిప్‌ని బాగుచేయవు. అందుకే బాక్సులో కొన్నవాళ్ళకి వారంటీని మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచారు. శాంపిల్‌కి ఆ వారంటీ లేదు. పైగా తొలి దశ శాంపిల్ అయితే కొత్త బయోస్‌తో లేస్తుందో లేదో నమ్మకం లేదు. అది ఇంతకుముందు ఏ ల్యాబ్‌లో, ఎంత వోల్టేజీ మీద, ఎన్నాళ్ళు నడిచిందో ఎవరు చెప్పగలరు? ముహూర్తాల రోజుల్లో రాత్రంతా రెండర్ పెట్టి పడుకునేవాళ్ళకి ఈ టెన్షన్ ఎందుకండీ.

ఇంకో మాట. మీ కెమెరా హెచ్.265లో 10 బిట్ 4:2:2 తీస్తుంటే టైమ్‌లైన్ ఆగకుండా కదలడానికి ఎక్కువ సాయపడేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, అందులో వీడియోని వేగంగా చదివే క్విక్ సింక్. కోర్లు ఎన్ని ఉన్నాయన్నది ఆ తర్వాత. కొన్ని తొలి శాంపిల్స్‌లో ఆ గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. ఐ7 12700 మామూలు రిటైల్ చిప్‌లో 12 కోర్లు, యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ ఉంటాయి. సాకెట్ కూడా అదే, ఎల్‌జీఏ 1700. 12వ తరానికి ఆ వోల్టేజీ సమస్య లేదని ఇంటెల్ చెప్పింది. మీ స్థానంలో నేనుంటే బిల్లుతో దొరికే ఆ చిప్ తీసుకుని, మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెడతాను. పేరు చివర 'ఎఫ్' ఉన్నది మాత్రం వద్దు, దానిలో గ్రాఫిక్స్ ఉండదు.

అయినా ఆ శాంపిలే కొనాలనుకుంటే, బోర్డుతో కలిపి ఇస్తేనే తీసుకోండి. చిప్ ఒక్కటే వద్దు. డబ్బిచ్చే ముందు వాళ్ళ దగ్గరే ఓసీసీటీ అనే, ప్రాసెసర్‌ని పూర్తి లోడులో పరీక్షించే సాఫ్ట్‌వేర్ గంటైనా నడవనివ్వండి, ఏసీ ఆపి మరీ. ఐ9 పూర్తి లోడు మీద 253 వాట్ల దాకా లాగుతుంది. మన ఎండల్లో ఆ వేడి తట్టుకుంటుందో లేదో అక్కడే తేలాలి. నాలుగు స్లాట్లలోనూ ర్యామ్ పెట్టి చూడండి, గ్రాఫిక్స్ కార్డు తీసేసి బోర్డు హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లే వస్తోందేమో చూడండి, స్లీప్‌లో పెట్టి లేపండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పుల్ని చూపే 'WHEA-Logger' పేరుతో ఎర్రర్ ఒక్కటి కనిపించినా అక్కడితో ఆపేయండి. బయోస్ వెర్షన్ నంబరు రాసుకుని, ఆ ఫైల్‌ని పెన్ డ్రైవ్‌లో దాచుకోండి. కొద్ది రోజుల తర్వాత బోర్డు కంపెనీ సైట్‌లో ఆ పాత వెర్షన్ దొరకకపోవచ్చు.

చిప్ కోడ్, బోర్డు మోడల్, మీ కెమెరా ఏదో ఇక్కడే రాస్తే చూసి చెబుతాను.