మంచు వాలుపై పందేలు వృత్తి అవుతాయా? ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మేము తెలంగాణ నుంచి వచ్చి చాలా ఏళ్లుగా కొలరాడోలో, డెన్వర్ శివారులో ఉంటున్నాము. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు 12 ఏళ్లు. మూడు శీతాకాలాలుగా క్లబ్బులో స్కీ రేసింగ్ నేర్చుకుంటోంది. మికేలా షిఫ్రిన్‌లా ఛాంపియన్ అవుతానంటోంది. వచ్చే ఏడాది స్కీ అకాడమీ హాస్టల్లో చేర్చమని కోచ్ చెబుతున్నారు. చదువు పాడవుతుందని మావారి భయం. ఆడపిల్ల మోకాళ్లు విరగ్గొట్టుకుంటుందని హైదరాబాద్‌లో మా అత్తగారి దిగులు. ఇది వృత్తిగా నిలబడే ఆటేనా? అమెరికా జట్టులో చోటు కష్టమైతే భారత్ తరఫున ఆడవచ్చా?

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి ఛాంపియన్ కాగలదో లేదో 12 ఏళ్ల వయసులో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనే వారి మాట మీద ఆధారపడి పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోకండి. అకాడమీ విషయంలో మాత్రం నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది: వచ్చే ఏడాది వద్దు. మీ అమ్మాయికి శక్తి లేదని కాదు. ఈ వయసులో ఆమెకు కావలసినవి మంచు మీద ఎక్కువ గంటలు, ఓపికగా తప్పులు దిద్దే కోచ్, రాత్రికి ఇంటి భోజనం. ఈ మూడూ డెన్వర్ దగ్గర ఉన్నవారికి ఇంటి నుంచే దొరుకుతాయి. అకాడమీ గురించి గట్టిగా ఆలోచించవలసిన వయసు 14, 15 ఏళ్లు. ఎందుకో చెప్పడానికి మీ అమ్మాయి ఆదర్శంగా పెట్టుకున్న మనిషి జీవితాన్నే తీసుకుంటాను.

మికేలా షిఫ్రిన్ 1995 మార్చి 13న మీ రాష్ట్రంలోని వేల్‌లోనే పుట్టింది. తండ్రి జెఫ్ శస్త్రచికిత్సల్లో మత్తుమందు ఇచ్చే వైద్యుడు, డార్ట్‌మౌత్ కళాశాల తరఫున స్కీ పందేల్లో పాల్గొన్నవాడు. తల్లి ఐలీన్ నర్సుగా పనిచేసింది, తానూ రేసరే, తరువాత కూతురికి కోచ్‌గా ప్రపంచ కప్ (ప్రతి శీతాకాలం పలు దేశాల్లో వరుసగా జరిగే పోటీలు) పందేలకు వెంట తిరిగింది. మికేలాకు 8 ఏళ్లప్పుడు కుటుంబం న్యూహాంప్‌షైర్‌కు మారింది. ఆ తరువాత ఆమె వెర్మాంట్‌లోని బర్క్ మౌంటెన్ అకాడమీలో చదివింది. 2011 మార్చిలో, 16వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, ప్రపంచ కప్‌లో మొదటిసారి పోటీ చేసింది. 2012 డిసెంబరులో స్వీడన్‌లోని ఓరేలో మొదటి విజయం. 2014 సోచి ఒలింపిక్స్‌లో 18 ఏళ్లకే స్లాలమ్‌లో, అంటే గేట్ల పేరుతో దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెంలో, స్వర్ణం, ఆ విభాగంలో అంత చిన్న వయసులో ఒలింపిక్ స్వర్ణం అంతకుముందు ఎవరికీ రాలేదు. 2023 మార్చిలో స్వీడన్ రేసరు ఇంగెమార్ స్టెన్‌మార్క్ పేరిట మూడు దశాబ్దాలకు పైగా నిలిచిన 86 ప్రపంచ కప్ విజయాల రికార్డును దాటింది. 2025 ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్ట్రియేర్‌లో వందో విజయం సాధించింది.

ఈ విజయాల పట్టిక మీ అమ్మాయికి కంఠతా వచ్చే ఉంటుంది. మీరు చూడవలసింది దీని వెనుక ఉన్న బాల్యాన్ని. చిన్నప్పుడు ఆమె తోటి పిల్లల కంటే తక్కువ పందేల్లో పాల్గొని, ఎక్కువ సాధన చేసింది. పందెం రోజు ఎలా గడుస్తుందో మీకు తెలిసిందే. తెల్లవారక ముందే లేచి, గంటలు కారులో ప్రయాణించి, చలిలో గంటలు నిలబడి, చివరికి రెండు పరుగులు, అంటే మొత్తం మీద రెండు మూడు నిమిషాల స్కీయింగ్. అదే రోజు సాధనకు వెళితే పదిహేను, ఇరవై సార్లు వాలు దిగవచ్చు, ప్రతిసారీ ఒకే తప్పును దిద్దుకోవచ్చు. షిఫ్రిన్ తల్లిదండ్రులు ఈ లెక్కను నమ్మారు, బర్క్‌లోని కోచ్‌లూ నమ్మారు. సరళీ వరసలు, జంట వరసలు ఏళ్ల తరబడి పాడించకుండా పిల్లను కచేరీకి ఎక్కించే గురువును మనవాళ్లు ఎలా చూస్తారో, ప్రతి వారాంతం పందేలకు తిప్పే క్లబ్బును కూడా మీరు అలాగే చూడాలి.

ఆ సాధన ఎక్కడ అక్కరకు వచ్చిందో సోచి రెండో పరుగు చూస్తే తెలుస్తుంది. వాలు మధ్యలో ఆమె ఒక కాలు పూర్తిగా గాలిలోకి లేచిపోయింది, పడిపోయినట్టే అనిపించింది. కానీ వేగాన్ని చంపుకోకుండా రెండు గేట్లలో తిరిగి నిలదొక్కుకుని స్వర్ణం గెలిచింది. అలాంటి క్షణంలో ఆలోచించి నిర్ణయించుకోవడానికి సమయం ఉండదు. శరీరానికి ముందే తెలిసి ఉండాలి. అది తెలిసేది 9 నుంచి 15 ఏళ్ల మధ్య, గేట్లు లేని వాలు మీద, ఒంటికాలి మీద దిగుతూ, వెనక్కి దిగుతూ, చూసేవారికి విసుగు పుట్టించే అభ్యాసాలతో. కాబట్టి కోచ్‌ను ఒక మాట అడగండి: వారంలో ఎన్ని గంటలు గేట్ల మధ్య, ఎన్ని గంటలు గేట్లు లేకుండా? రెండోది తక్కువైతే, అకాడమీ సంగతి తరువాత, ముందు క్లబ్బు సంగతి ఆలోచించాలి.

పెద్ద కొండలు, ఖరీదైన హాస్టల్ లేకపోతే ఛాంపియన్లు తయారు కారన్న మాట కూడా నిజం కాదు. ప్రపంచ కప్‌లో 80కి పైగా పందేలు గెలిచిన లిండ్సీ వాన్ తొలి పాఠాలు నేర్చుకున్నది మిన్నెసోటాలోని బక్ హిల్‌లో, సుమారు 300 అడుగుల ఎత్తు మాత్రమే ఉన్న గుట్ట మీద. పొద్దుపోయాక దీపాల వెలుతురులో, ఎరిక్ సైలర్ అనే కోచ్ దగ్గర, తాడు పట్టుకుని పైకి వెళ్లడం, గేట్ల మధ్య కిందికి దిగడం, మళ్లీ పైకి వెళ్లడం. గుట్ట చిన్నది కావడం వల్లే ఒక సాయంత్రంలో అన్నిసార్లు దిగగలిగింది.

ఇక మావారి భయం అని మీరు రాసిన చదువు సంగతి, దానితో ముడిపడిన సంపాదన సంగతి. ఈ ఆటలో డబ్బు ఎక్కడ ఉందో ముందు తెలుసుకోండి. ప్రపంచ కప్ స్లాలమ్‌లో మొదటి పరుగు తరువాత తొలి 30 మందికే రెండో పరుగుకు అవకాశం ఉంటుంది. గెలిచినవారికి 100 పాయింట్లు, రెండో స్థానానికి 80, మూడో స్థానానికి 60, అలా తగ్గుతూ 30వ స్థానానికి 1. సెకనులో కొన్ని వందో వంతుల తేడాతో 31వ స్థానంలో నిలిచిన అమ్మాయి ఆ రోజుకు ఖాళీ చేతులతో వెళ్లిపోతుంది. పైగా కొత్తగా వచ్చినవారు చివర్లో బయలుదేరాలి. వారి వంతు వచ్చేసరికి ముందు దిగినవారి స్కీలు వాలును లోతైన గాడులుగా చీల్చి ఉంటాయి. అయినా ఆ వాలు మీదే తొలి 30లోకి రావాలి. షిఫ్రిన్ 17 పందేలు గెలిచిన 2018-19 సీజన్‌లో బహుమతి సొమ్ముగానే 8,80,000 స్విస్ ఫ్రాంకులకు పైగా సంపాదించింది. హెల్మెట్ మీద పేరు వేసుకునే సంస్థలు, స్కీలు తయారుచేసే సంస్థలు ఇచ్చేది వేరు. కానీ అది ఒకే ఒక్కరి లెక్క. ప్రపంచ కప్‌లో నలభయ్యో స్థానంలో ఉన్న మనిషి, అంటే భూమ్మీద ఆ పని అంత బాగా చేయగలవారు మరో 39 మందే ఉన్న మనిషి, చాలాసార్లు తన ఖర్చులకు తానే వెతుక్కోవలసి ఉంటుంది. ఆస్ట్రియా, ఇటలీ దేశాల్లో రేసర్లకు సైన్యంలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం ఇచ్చి, జీతం మీద సాధన చేయనిస్తారు. అమెరికాలో స్కీ రేసర్లకు అంత విస్తృతమైన ఏర్పాటు లేదు. జాతీయ స్కీ సంఘం కూడా ప్రభుత్వ నిధులతో కాక విరాళాలతో, స్పాన్సర్ల డబ్బుతో నడుస్తుంది. జాతీయ జట్టు దాకా ఖర్చు తల్లిదండ్రులదే. అకాడమీ ఫీజు ఏడాదికి పదుల వేల డాలర్లు, దానికి ప్రయాణాలు, పెరిగే పిల్లకు ఏటా మారే స్కీలు, బూట్లు అదనం. ఇంటి మీద రెండో అప్పు తీసుకుని ఈ దారి పట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

అయితే అమెరికాలో ఐరోపాకు లేని ఒక మేలు ఉంది, అది కళాశాల స్కీయింగ్. డెన్వర్ విశ్వవిద్యాలయం ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాలల క్రీడా సంఘం) స్కీ టైటిళ్లు అందరికంటే ఎక్కువ గెలిచిన సంస్థ. కొలరాడో, వెర్మాంట్, యూటా విశ్వవిద్యాలయాలకూ, డార్ట్‌మౌత్‌కూ బలమైన జట్లు ఉన్నాయి. అక్కడ స్లాలమ్, గేట్లు మరింత దూరంగా ఉండే జెయింట్ స్లాలమ్ పందేలు జరుగుతాయి. పూర్తి స్కాలర్‌షిప్పులు కొద్దిమందికే దొరుకుతాయి, డార్ట్‌మౌత్ వంటి ఐవీ లీగ్ సంస్థలు ఆటల పేరుతో స్కాలర్‌షిప్ అసలే ఇవ్వవు. అయినా చదువునూ ఆటనూ నాలుగేళ్ల పాటు ఒకే కప్పు కింద కొనసాగించే వీలు ఇంకెక్కడా ఇంత బాగా లేదు.

ఇందుకు పౌలా మోల్ట్‌జాన్ జీవితాన్ని మీవారు తప్పక తెలుసుకోవాలి. ఆమెదీ మిన్నెసోటాయే, ఆమె కూడా బక్ హిల్‌లోనే నేర్చుకుంది. 2015లో స్లాలమ్‌లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాదే జాతీయ జట్టులో చోటు పోయింది. ఆమె వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో చేరి, 2017లో ఎన్‌సీఏఏ స్లాలమ్ గెలిచి, చదువుకుంటూనే ప్రపంచ కప్ పందేల్లోకి తిరిగివచ్చింది. 2025లో ఆస్ట్రియాలోని సాల్‌బాఖ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జెయింట్ స్లాలమ్ కాంస్యం గెలిచింది, అప్పటికి ఆమె వయసు 30. జట్టు వదిలేసిన రోజున ఆమెకు చేరడానికి ఒక కళాశాల ఉండటం, ఆ కళాశాలకు తగిన మార్కులు ఉండటం వల్లే ఆమె ఆట కూడా నిలిచింది. షిఫ్రిన్ జీవితం మీ అమ్మాయికి ఉత్సాహం ఇస్తుంది. మీ ఇంటి ప్రణాళిక మాత్రం మోల్ట్‌జాన్ జీవితాన్ని చూసి వేసుకోమని నా సలహా.

మీ అత్తగారి దిగులును తేలికగా తీసుకోకండి. ఆ మాటలో నిజం ఉంది. మోకాలిలోని ఏసీఎల్ స్నాయువు తెగడం ఈ ఆటలో అందరూ ఎరిగిన గాయం, దాని నుంచి కోలుకోవడానికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుంది. 2024 నవంబరులో వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌లో వందో విజయం చేతికందే దూరంలో ఉండగా షిఫ్రిన్ పడిపోయి, పొత్తికడుపులో లోతైన గాయమై రెండు నెలలు పందేలకు దూరమైంది. తిరిగి వచ్చాక కూడా జెయింట్ స్లాలమ్ అంటే భయం వీడలేదని, మానసిక వైద్య సహాయం తీసుకున్నానని ఆమే బహిరంగంగా చెప్పింది. ఇటలీకి చెందిన 19 ఏళ్ల మతిల్దే లోరెంజీ 2024 అక్టోబరులో, 25 ఏళ్ల మత్తెయో ఫ్రాంజోసో 2025 సెప్టెంబరులో సాధనలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇవి మీకు దాచిపెట్టడం న్యాయం కాదు. అతి ప్రమాదకరమైనది డౌన్‌హిల్, అంటే మలుపులు తక్కువగా ఉండే వేగపు పందెం, అందులో వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. మీ అమ్మాయి వయసులో ఎక్కువగా స్లాలమ్, జెయింట్ స్లాలమే ఉంటాయి. వేగపు పందేలకు ఎప్పుడు పంపాలో కోచ్ ఒక్కరే తేల్చకూడదు, మీరూ ఆ మాటలో ఉండాలి. సాధన రోజున వాలు పక్కన రక్షణ వలలు ఎవరు కడతారు, బూట్లను స్కీలకు పట్టి ఉంచే బైండింగులు ఎవరు సరిచూస్తారు, వేసవిలో కాళ్లకూ నడుముకూ బలం పెంచే వ్యాయామం ఎవరు నేర్పుతారు, తలకు దెబ్బ తగిలితే మళ్లీ మంచు మీదికి ఎవరు అనుమతిస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. సరైన సమాధానం రాని క్లబ్బులో ఒక్క రోజు కూడా ఉంచకండి.

భారత్ తరఫున ఆడే మాటకు సూటిగా చెబుతాను. మీ అమ్మాయి అమెరికాలోనే పుట్టింది కనుక అమెరికా పౌరురాలు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా భారత జాతీయ జట్టులో ఆడే హక్కు రాదు, భారత పాస్‌పోర్టు ఉండి తీరాలి, మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. పైగా అది సులువైన దారి అనుకోవద్దు. గుల్‌మర్గ్‌లో పెరిగిన ఆరిఫ్ ఖాన్ డబ్బు కోసం ఏళ్ల తరబడి ఇబ్బందిపడి, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు విభాగాలకు అర్హత సాధించి, జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచినప్పుడు, అంతర్జాతీయ స్కీ పందెంలో భారత్‌కు అదే మొదటి పతకం. అమెరికాలో చోటు దొరకకపోతే పెట్టుకునే రెండో దారిగా వారి కష్టాన్ని చూడటం నాకు ఇష్టం లేదు.

రేసరు కాకపోయినా ఈ లోకంలో బతుకుతెరువు ఉంది. కోచ్‌లు, స్కీలకు పదును పెట్టి మైనం పూసే సాంకేతిక నిపుణులు, ఫిజియోథెరపిస్టులు, కదలికలను విశ్లేషించే ఇంజినీర్లు అందరూ ఈ ఆట మీదే బతుకుతున్నారు. వారిలో చాలామంది ఒకప్పటి రేసర్లే.

ఇప్పుడు చేయవలసింది ఇది. ఈ రెండేళ్లు అమ్మాయిని ఇంటి నుంచే క్లబ్బుకు పంపండి. గణితం, సైన్సు వెనకబడకుండా చూడండి, ఎందుకంటే కళాశాల కోచ్‌లు పందెం ఫలితాలతో పాటు మార్కుల పట్టికా అడుగుతారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఎఫ్‌ఐఎస్ లైసెన్సు 16 ఏళ్లు వచ్చే సీజన్ నుంచి దొరుకుతుంది. అక్కడి నుంచి ప్రతి పందెమూ పాయింట్లుగా మారుతుంది, ప్రపంచ కప్ పాయింట్లకు భిన్నంగా, ఆ పాయింట్లు ఎంత తక్కువైతే రేసరు అంత మేటి. అందుకే అకాడమీ అవసరమైతే తొమ్మిదో తరగతి నుంచి అన్నాను. అప్పుడు కనీసం రెండు అకాడమీలకు స్వయంగా వెళ్లి, గత ఐదేళ్లలో చదివి వెళ్లిన పిల్లలు ఏ కళాశాలల్లో చేరారో పేర్లు లేకుండానైనా జాబితా చూపమనండి. గాయపడి సీజన్ మొత్తం పోతే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో, ఆ నెలల్లో పిల్లను ఎవరు చూసుకుంటారో అడగండి. ఆ సమాధానాలూ, అమ్మాయి ఎనిమిదో తరగతి మార్కులూ చేతికి వచ్చాక మీవారితో కలిసి మరోసారి రాయండి. అప్పుడు అకాడమీల పేర్లతో సహా మాట్లాడుకుందాం.