జెల్లీఫిష్ కుట్టిందని చింతగింజ వెతకొద్దు

వేసవి సెలవులు దగ్గర పడ్డాయి కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అండమాన్, పుదుచ్చేరి చుట్టూనే తిరిగాయి. తిరుమల కొండ కింద ఉండే మనకు సముద్రంలోకి దిగాలంటే ఇంత సరదా ఉందని నాకూ ఇప్పుడే తెలిసింది.

ప్రశ్న: అక్కా, ఆఫీసు ఫ్రెండ్స్‌తో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్తున్నాం. గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకు దిగే స్కూబా బుక్ చేసేశారు. నాకు ఈత కూడా రాదు. నీళ్ల అడుగున జెల్లీఫిష్ కుడితే ఏం చేయాలి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. (తిరుపతి, కొర్లగుంట)

జవాబు: ఈత రాకపోయినా ఫర్వాలేదు తమ్ముడూ. మొదటిసారి దిగేవాళ్లను ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు, 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు. నిన్ను వెంటాడి కుట్టే జీవి అక్కడ దాదాపు ఏదీ ఉండదు, మనం పోయి తగులుకుంటేనో, చెయ్యి పెడితేనో, కాలితో తొక్కితేనో కుడతాయి. జెల్లీఫిష్‌కైతే ఈదే బలం కూడా పెద్దగా లేదు, అల ఎటు తోస్తే అటు పోతుంది.

అందుకే టీ షర్టూ షార్టూ వేసుకుని దిగుతానంటే వద్దు. కాళ్లూ చేతులూ మొత్తం కప్పే వెట్‌సూట్ అడుగు, అది కాకపోతే ఒంటికి అతుక్కునే పలచటి లైక్రా సూటైనా సరే, జెల్లీఫిష్ తీగల్ని ఆపుతుంది. గ్లవ్స్ మాత్రం చాలాచోట్ల ఇవ్వరు, గ్లవ్స్ ఉంటే జనం ధైర్యంగా పగడాలను పట్టుకుంటారని వాళ్ల గొడవ. అది న్యాయమే. పసుపుపచ్చగా, అంచులు తెల్లగా, చూడ్డానికి పగడంలాగే ఉండే ఫైర్ కోరల్ అని ఒకటుంది, నిజానికి అది జెల్లీఫిష్‌కు చుట్టం. మోకాలు రాసుకుందంటే కాలినట్టే మంట. అడుగున కూర్చోకు, దేన్నీ ఆనుకోకు, ఫొటో కోసం బండ పట్టుకోకు. పైకి వచ్చేటప్పుడు తలెత్తి చూస్తూ రా, ఎందుకంటే జెల్లీఫిష్‌లు నీటి పైభాగంలో తేలుతూ ఉంటాయి, తల వాటికే తగులుతుంది.

ఇంత చేసినా కుట్టిందనుకో. ఇక్కడ గట్టిగా చెప్తున్నా, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. మంటకు బెదిరి, ఊపిరి బిగబట్టి, ఒక్క తన్నుతో పైకి రావడం ఆ మంటకన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. 10 మీటర్ల లోతున సిలిండర్ నుంచి పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది, దానికి బయటికి దారి లేకపోతే ఊపిరితిత్తులు చిట్లుతాయి. గాలి పీలుస్తూ వదులుతూనే ఇన్‌స్ట్రక్టర్‌కు చెయ్యి ఊపు, కుట్టినచోటు వేలితో చూపించు, ఆయన తీసుకొచ్చినంత నెమ్మదిగానే పైకి రా. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలన్నది ఇప్పుడు చాలామంది పాటించే లెక్క. మిగతా వైద్యమంతా పడవలోనే.

ప్రశ్న: మేడమ్, చెన్నై బీచ్‌లో మా బాబు నీలంగా బుడగలాగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు. చేతి మీద గీతలు గీతలుగా వాచింది. బాటిల్ నీళ్లతో కడిగాం, ఇసుకతో రుద్దాం, మా అత్తమ్మ సున్నం రాసింది. నొప్పి ఇంకా ఎక్కువైంది. తేలు కుడితే చింతగింజ అరగదీసి పెడతాం కదా, అట్లాంటిది దీనికేమైనా ఉందా? (చిత్తూరు)

జవాబు: లేదమ్మా. మీవాడు పట్టుకున్నది బ్లూబాటిల్ అనే జెల్లీఫిష్ లాంటి జీవి అయ్యుంటుంది, ఒడ్డున ఎండి పడున్నా కుడుతుంది. దాని తీగల్లో కంటికి కనపడనంత చిన్న విషపు గదులు వేలకొద్దీ ఉంటాయి. చర్మానికి అంటుకున్న వాటిలో కొన్నే పేలతాయి, మిగతావి దీపావళి మర్నాడు వీధిలో పడున్న పేలని టపాకాయలు. మంచినీళ్లు పోసినా, ఇసుకతో రుద్దినా, టవల్‌తో గట్టిగా తుడిచినా వాటికి అగ్గిపుల్ల గీసినట్టే. మీరు కడిగిన కొద్దీ నొప్పి పెరిగింది అందుకే. అత్తమ్మను ఏమీ అనొద్దు, ఊళ్లో తేలుకు చేసిందే ఇక్కడా చేసింది.

ఇంకోసారి జరిగితే సముద్రపు నీళ్లతోనే కడగండి. అంటుకున్న తీగల్ని ట్వీజర్‌తోనో, చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కునో తీసేయండి. తర్వాత వేడినీళ్లు. ఐస్ కాదు. ఆస్ట్రేలియాలో బ్లూబాటిల్ కుట్టినవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, 45 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచితే నూటికి 87 మందికి నొప్పి తగ్గింది, ఐస్ పెట్టినవాళ్లలో 33 మందికే. థర్మామీటర్ లేకపోతే కుట్టని చేతిని ముందు ముంచి చూడండి. కుట్టిన చెయ్యి మొద్దుబారి ఉంటుంది, వేడి తెలియక పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది. మనవాళ్లు ఎక్కడికెళ్లినా ఫ్లాస్క్ మోసుకుపోతారు కదా, ఒకదాంట్లో కాఫీ బదులు వేడినీళ్లు పోసుకోండి.

మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులు, ఛాతీలో నొప్పి మొదలైనా ఇవేవీ పెట్టుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: వెనిగర్ పోయాలని ఒకరు, మూత్రం పోయాలని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? (శ్రీకాళహస్తి)

జవాబు: రెండోది మర్చిపోండి, పరువూ పోతుంది, నొప్పీ పోదు. వెనిగర్ మాత్రం మంచిదే, ముఖ్యంగా బాక్స్ జెల్లీఫిష్ అనే రకం కుట్టినప్పుడు. గోబీ మంచూరియా బండి దగ్గర వాడే తెల్ల వెనిగరే, 4 నుంచి 6 శాతం ఆమ్లం ఉండేది, కనీసం 30 సెకన్లు ధారగా పోయాలి. అది పేలని గదుల్ని ఆపుతుంది అంతే, అప్పటికే ఎక్కిన విషాన్ని తీయదు, నొప్పి వెంటనే తగ్గలేదని సీసా మొత్తం గుమ్మరించొద్దు. బ్లూబాటిల్‌కు వెనిగర్ విషయంలో నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు, కాబట్టి దానికి సముద్రపు నీళ్లు, వేడినీళ్లు చాలు.

ప్రశ్న: చేప ముల్లు దిగితే విషం పైకి ఎక్కకుండా గట్టిగా కట్టు కట్టాలా? మాది కట్లకు పేరున్న ఊరు కాబట్టి అడుగుతున్నా. (పుత్తూరు)

జవాబు: పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు సార్, దీనికి కాదు. లయన్‌ఫిష్, స్టోన్‌ఫిష్, తోకకు ముల్లుండే స్టింగ్‌రే, వీటి విషం ప్రొటీన్, వేడికి చెడిపోతుంది. కట్టు కడితే విషం ఒకేచోట నిలిచి నొప్పి, వాపు పెరుగుతాయి. కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచండి. చల్లారితే మార్చండి. తర్వాత టీటీ ఇంజెక్షన్. పైకి కనిపించే చిన్న ముల్లు తీయొచ్చు, ఛాతీలోనో పొట్టలోనో మెడలోనో దిగింది మాత్రం లాగొద్దు, అట్లాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2006లో స్టీవ్ ఇర్విన్ ప్రాణం తీసింది స్టింగ్‌రే ముల్లే, గుండెల్లో దిగింది.

2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిన తూపిలిపాలెం లాంటి ఇసుక బీచుల్లో లోతు లేనిచోట అడుగు ఎత్తి వేయకండి, పాదాలు ఈడుస్తూ నడవండి. ఇసుకలో దాక్కున్న స్టింగ్‌రే ఆ కదలికకే తప్పుకుంటుంది.

గట్టిగా ఎలాస్టిక్ బ్యాండేజ్ చుట్టి కాలు కదలకుండా ఉంచాల్సింది సముద్రపు పాము కరిచినప్పుడు, కోన్ షెల్ అనే అందమైన గవ్వలాంటి నత్త కుట్టినప్పుడు. రెండింటికీ మొదట నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, కాసేపటికి ఊపిరే ఆగిపోవచ్చు. మన ఆసుపత్రుల్లో ఉండే పాము విషపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటికే, సముద్రపు పాముకు పనిచేయదు. అందుకే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే పోవాలి. షోకేసులో పెట్టుకోవడానికి గవ్వలు ఏరేవాళ్లు ఈ రెండు ముక్కలు మళ్లీ చదువుకోండి.

ప్రశ్న: పుదుచ్చేరిలో ఉదయం రెండు డైవ్‌లు చేసి కారులో వచ్చేశాం, రాత్రికే కొండెక్కాం. తిరుమలలో భుజం నొప్పి, చేతులు తిమ్మిరి, పొట్ట మీద మచ్చలు. కుట్టిందా? (తిరుపతి)

జవాబు: కుట్టి ఉంటే నీళ్లలోనే తెలిసేది, అదీ సూట్ కప్పనిచోట. గంటల తర్వాత కీళ్లలో నొప్పి, తిమ్మిరి, చర్మం మీద పాలరాయి గీతల్లాంటి మచ్చలు కనిపిస్తే అది నైట్రోజన్ బుడగల జబ్బు కావచ్చు, డైవర్లు బెండ్స్ అంటారు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఆ బుడగలు పెరుగుతాయి. తిరుమల దాదాపు 2,800 అడుగుల ఎత్తు. ఒకే రోజు రెండు డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు, ఆ నియమం 2,000 అడుగుల నుంచే లెక్క. అంటే మన కొండకూ వర్తిస్తుంది. దర్శనం టికెట్ మర్నాటికి పెట్టుకుని ఉండాల్సింది.

తగ్గిపోయిందిలే అనుకోకుండా ఈ రోజే కింద తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లి ఆక్సిజన్ పెట్టమని అడగండి. డైవ్ చేసిన సంగతి, ఎంత లోతు, ఎన్ని గంటలకు బయటికొచ్చారు, ఇవి ముందే చెప్పండి. మీరు చెప్పకపోతే తిరుపతిలో ఏ డాక్టరుకూ ఆ అనుమానం రాదు.